బదులు పలకలు

బీరువా తాళంచెవితో రాతి పలక మీద ఒక్క దెబ్బ వేసి, రామలక్ష్మమ్మ తల కొంచెం పక్కకు వంచి వింది. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. మూడోదాని దగ్గర మాత్రం మొహం చిట్లించింది. చూడ్డానికి నున్నగా, మచ్చ లేకుండా ఉంది గానీ చప్పుడు డొల్లగా వచ్చింది. లోపల ఎక్కడో కంటికి కనపడని పగులుంది.

"ఇది పక్కన పెట్టప్పా" అంది.

మేస్త్రీ ఉరుకుందు ఆ పలకను తొడకు ఆనించుకుని ఒడుపుగా ఎత్తాడు. "కంటికి బాగనే ఉండాది గదక్కా. ఆఫ్రికావోళ్ళు తాళంచెవి పట్టుకోని వస్తారా ఏంది?"

"వాళ్ళు తేకపోతే నా చెవులు యాడికి పోతాయి?"

బేతంచెర్లలో నాపరాయి పలకలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు వీధి పొడుగునా ఉన్నాయి. రామలక్ష్మమ్మది వాటిలో చిన్నది. ఊరి బయట ఒక సొంత గని, రేకుల షెడ్డులో మూడు కటింగు మిషన్లు, అంతే. ఆ మూడింట్లో రెండే తిరుగుతున్నాయి. మూడోదాని మీద దసరా నాడు కప్పిన టార్పాలిన్ పట్ట అలాగే ఉంది. రంగురంగుల టైల్సు వచ్చాక నాపరాయిని అడిగే నాథుడు తగ్గిపోయాడు మరి. అయినా ఆమె రోజూ పొద్దున్నే ఆ పట్ట మీది తెల్లదుమ్ము చీపురుతో దులిపేది. తిరగని మిషనుకు అంత సేవ ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ పట్ట తీసే దారి ఒకటి కనపడింది. ఆఫ్రికా తూర్పు తీరంలో ఒక రేవు పట్టణం వాళ్ళు పెద్ద బస్టాండు కడుతున్నారు. నేలంతా బూడిదరంగు నాపరాయి పరవాలట. రెండంగుళాల మందం, రెండేళ్ళ పని. టెండరు వేయడానికి శనివారం సాయంత్రం వరకే గడువు. కోడలు మధులత నెల రోజులుగా కంప్యూటరు ముందు కూర్చుని కాగితాలన్నీ సిద్ధం చేసింది. ఒక్క కాగితం మాత్రం ఆమె చేతిలో లేదు. అది ఎగుమతులకు అప్పులిచ్చే సర్కారు సంస్థ నుంచి రావాల్సిన ఉత్తరం.

"మనం రాయి అమ్మితే, కొనేటోళ్ళకు మన సర్కారు అప్పిచ్చేదేంది పాపా?" అన్నాడు ఉరుకుందు. వారం నుంచి అతన్ని తొలుస్తున్న సందేహం అది.

"ఆ ఊరోళ్ళ కాడ ఇప్పుడు దుడ్లు లేవు మామా" అంది మధులత, అతనికి అర్థమయ్యే మాటల్లో. "మన రాయి ఓడ ఎక్కినాంక మనకు ఈ ఆఫీసోళ్ళే ఇచ్చేస్తారు. ఆ ఊరోళ్ళు ఆఫీసుకు నిదానంగా కట్టుకుంటారు. వేరే దేశం కంపెనీ ఒకటి పోటీకి వచ్చింది. వాళ్ళ సర్కారు పదేండ్లు గడువిస్తామని అప్పుడే రాసిచ్చేసింది. మన సర్కారూ అట్ల రాసిస్తేనే మనం బరిలో ఉన్నట్టు."

ఉరుకుందు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "అంటే రాయికి రాయి పోటీ కాదు. సర్కారుకు సర్కారు పోటీ."

"రాయి కూడా బాగుండాల్లే" అంది రామలక్ష్మమ్మ.

ఆమె ఆత్రమంతా ఉరుకుందు గురించే. అతనిది కోసిగి పక్క. అతనితో పాటు వచ్చిన ఆరు కుటుంబాలు షెడ్డు వెనకే గుడిసెలు వేసుకుని ఏళ్ళ తరబడి ఇక్కడే పనిచేస్తున్నాయి. రెండు మిషన్లతో అందరికీ పని సరిపోక, ఆదివారం లారీకి గుంటూరు పక్క సుగ్గికి, అంటే మిరపకాయల కోతల వలసకు పోదామని అనుకుంటున్నారు. అతను ఆ మాట దాచలేదు. అతని పెళ్ళాం ఈరక్క అప్పుడే గిన్నెలు గోనెసంచిలో వేసి మూతి కుట్టేసింది. పోయినవాళ్ళు తిరిగి ఇక్కడికే వస్తారని నమ్మకమేమీ లేదు. పలక వెనక చెయ్యి పెట్టి మందం చెప్పగలిగే మేస్త్రీ పోతే, ఇంకొకణ్ణి తయారుచేసే ఓపిక రామలక్ష్మమ్మకు లేదు. ఉత్తరం వస్తే ఉరుకుందు ఉంటాడు, రాకపోతే ఆదివారం లారీ ఎక్కుతాడు. ఆమె మనసులో టెండరంటే అంతే.

ఎండెక్కే వేళకు ఒక మినీలారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు దిగి దండం పెట్టాడు.

"వసంతకుమారన్న పంపించినాడమ్మా. నలభై పలకలు బదులు కావాలంట. బూడిదరంగువి, రెండంగుళాలవి. మా గనిలో వాననీళ్ళు ఇంగా దిగలే."

వసంతకుమార్ వాళ్ళది మైదుకూరు. ఎర్రగుంట్లలో అతనికి నల్లబండ కోసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ కొండ పక్కన బూడిదరంగు రాయి గని కూడా ఉంది. రామలక్ష్మమ్మ ఏడాదికి చేసే వ్యాపారం అతను రెండు నెలల్లో చేస్తాడు. అయినా రాయి తక్కువపడితే పెద్దా చిన్నా లేకుండా బదులు అడుగుతారు. బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా రాతిపనివాళ్ళకు అదొక కట్టు. అడిగితే లేదనకూడదు. ఎందుకని అడక్కూడదు. పలకకు పలక తిరిగివ్వాలి. ఇచ్చేదాకా పలక వెనక ఇచ్చినవాళ్ళ గుర్తు చెరపకూడదు.

"దేనికంటనో అడగక్కా" అని గొణిగాడు ఉరుకుందు. "మన సాంపిళ్ళకు ఏరి పెట్టుకున్నెవి అవి."

"అడిగితే అది బదులెట్ల అయితాది? బేరమయితాది."

మధులత మూతి ముడుచుకుంది. రామలక్ష్మమ్మ అది చూసీ చూడనట్టు తాళంచెవి పట్టుకుని మళ్ళీ మొదటి వరస దగ్గరికి పోయింది. ఇచ్చేదేదో మంచివే ఇవ్వాలని ఒక్కొక్కటీ కొట్టి, విని, నలభై ఏరింది. ప్రతి పలక వెనకా ఎర్ర పెయింటుతో వేసిన ఆమె ఫ్యాక్టరీ గుర్తు ఉంది. రెండు చుక్కలు, వాటి కింద ఒక గీత.

బుధవారం పదకొండు గంటలకు ఎగుమతి రుణాల సంస్థ నుంచి శివాని వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. హైదరాబాదు ఆఫీసులో ఉద్యోగం. రాయచోటి పిల్ల అని మధులత ఫోనులో కనుక్కుంది గానీ, శివాని మాట్లాడే తీరులో రాయచోటి ఎక్కడా దొర్లలేదు. జీపు దిగుతూనే ఫైలు తెరిచి, మంచినీళ్ళు కూడా తర్వాత తాగుతానంది.

ఆ పిల్ల పని చేసే పద్ధతి రామలక్ష్మమ్మకు నచ్చింది. బ్లేడు మీద నీళ్ళు చిమ్ముతుంటే వెనక్కి జరగలేదు. తెల్లటి బురదలో చెప్పులతోనే నడిచి, మిషను దగ్గర నిలబడి పలక మొత్తం తెగేదాకా చూసింది. గనికి పోయి మెట్లు దిగి, ఇంకా ఎన్ని పొరలున్నాయో ఉరుకుందునే అడిగి రాసుకుంది. తిరిగొచ్చాక, "ఒక పలక తిప్పి చూపిస్తారా?" అంది.

ఉరుకుందు తిప్పాడు. శివాని టేపు పెట్టి మందం కొలవబోయి, ఆగిపోయింది. రెండు చుక్కలు, ఒక గీత. ఆ గుర్తు వైపే కాసేపు చూసింది.

"ఈ గుర్తు మీదేనా అమ్మా?"

"మాదే."

"వేరేవాళ్ళు ఎవరైనా వాడతారా?"

"మా గుర్తు ఇంగొకరు ఎందుకు పెట్టుకుంటారమ్మా?"

శివాని ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. అప్పుడు రామలక్ష్మమ్మ చూపు ఆ పిల్ల చెప్పుల మీదికి పోయింది. పైన ఇప్పటి తెల్లబురద. పట్టీల సందుల్లో, మడమ అంచున మాత్రం నల్లటి పొడి గట్టిగా పట్టుకుని ఉంది. బేతంచెర్లలో ఎంత తిరిగినా అంటని పొడి అది. నల్లబండ కోసేచోటే అంటుతుంది.

"నిన్న ఎర్రగుంట్లకు పోయింటిరా?" అని నెమ్మదిగా అడిగింది.

శివాని మొహం ఎత్తలేదు. "ఎక్కడికి వెళ్ళానో చెప్పకూడదమ్మా. ఒకే టెండరుకు మన దేశం నుంచి ఎంతమంది వచ్చినా మాకు అందరూ ఒకటే. ఇస్తే ఒకే గడువు, ఒకే వడ్డీ. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పం. అది మా రూలు."

రూలు చెప్పింది గానీ చెప్పకూడనిదేదీ చెప్పలేదు. రామలక్ష్మమ్మకు మాత్రం అంతా అర్థమైపోయింది. వసంతకుమారూ ఇదే టెండరు వేస్తున్నాడు, తను ఇచ్చిన నలభై పలకలూ ఎర్రగుంట్లలో ఈ పిల్ల ఎదుట పరిచాడన్నమాట.

మజ్జిగ తాగేటప్పుడు శివాని ఇంకో సంగతి దాచకుండా చెప్పింది. "మీ రాయి బాగుంది. పని బాగుంది. కానీ ఆర్డరు విలువ మీ ఏడాది వ్యాపారానికి రెండింతలు దాటకూడదు. మీ లెక్కన నాలుగింతలవుతుంది."

"రాయి బాగుండాది, చెయ్యి చిన్నదంటావు."

"నేనననమ్మా. నా నోట్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నిర్ణయం పైవాళ్ళది. శనివారం లోపల చెబుతాను."

జీపు మలుపు తిరగ్గానే మధులత అత్త దగ్గరికొచ్చింది. ఆమెకూ అర్థమైంది. మొహం జేవురించింది. "మన పలకలు పరిచి తన సాంపిలని చూపించుకున్నాడా ఆయప్ప! ఆ ఆఫీసోళ్ళకు ఒక్క మెయిలు పెడితే చాలు అత్తా, బయటికి పోతాడు. మన దేశం నుంచి మనమొక్కరమే మిగులుతాం. అప్పుడు చిన్నదీ పెద్దదీ అని చూస్తారా?" అంటూనే కూర్చుని టకటకా కొట్టేసింది. పంపే బొత్తాం మీద వేలు పెట్టి అత్త వైపు చూసింది.

రామలక్ష్మమ్మకు కోపం రాలేదంటే అబద్ధం. ఒళ్ళు మండిపోయింది. నలభై పలకలు తన చెవులతో విని ఏరి ఇచ్చింది. అవి తనకే ఎదురు వచ్చి నిలబడ్డాయి. పంపెయ్ అనే మాట నోటిదాకా వచ్చింది. అది ఆగింది ధర్మం గుర్తొచ్చి కాదు, ఒక చిన్న సంగతి అర్థంకాక. కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో తుడిస్తే నిమిషంలో పోయే గుర్తు అది. అంత వ్యాపారం చేసే మనిషి ఆ మాత్రం పని ఎందుకు చేయలేదు?

"ఉండనీ. రేపు చెప్తా" అంది.

మర్నాడు తెల్లవారగానే తాళంచెవి కొంగున ముడేసుకుని ఎర్రబస్సెక్కింది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు. కిటికీ పక్కన శనగ చేలు కోతకొచ్చి గోధుమరంగులో ఉన్నాయి. దారి పొడుగునా వసంతకుమారును ఏమని తిట్టాలో పేర్చుకుంటూ పోయింది. జమ్మలమడుగు దాటేసరికి తిట్లు అయిపోయాయి, ఆ గుడ్డ ప్రశ్న మాత్రం మిగిలింది.

వసంతకుమార్ ఆఫీసు ముందే నలభై పలకలూ మట్టి చదును చేసి చక్కగా పరిచి ఉన్నాయి. ఆమెను చూడగానే అతను కుర్చీలోంచి లేచాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా.

రామలక్ష్మమ్మ వంగి, అంచున ఉన్న పలకను ఎత్తి వెనక చూసింది. రెండు చుక్కలు, గీత. పెయింటు చెక్కుచెదరలేదు.

"గుర్తు ఎందుకు చెరపలేదప్పా?"

అతను నీళ్ళు నమిలాడు. "మా మేస్త్రీ కిరసనాయిలు గుడ్డ తెచ్చినాడక్కా. నేనే వద్దన్యా. బదులు తెచ్చిన రాయి గుర్తు ఎట్ల చెరిపేది? మా నాయనుంటే చెయ్యి ఇరగ్గొట్టేవాడు. ఆ ఆఫీసు ఆయమ్మ మందం చూడాలని తిప్పుతాదని అనుకోలే."

రామలక్ష్మమ్మకు నవ్వాగలేదు. పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. తప్పు చేయడానికి కూర్చున్నవాడు, మధ్యలో కట్టు గుర్తొచ్చి, తప్పును సగంలో వదిలేసి దొరికిపోయాడు. ఇంత తెలివితక్కువ పని ఈ రాతిపనివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. కోపమంతా ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు.

"నువ్వూ టెండరు వేస్తాండావని నాకు తెల్దక్కా" అన్నాడు అతను తలొంచుకుని. "తెలిసింటే అడిగేవాణ్ణే కాదు. ఆ ఆఫీసోళ్ళు ఒకరి సంగతి ఒకరికి చెప్పరు."

"నేనూ అడగల్యా. అడగనిదానికే గదప్పా బదులనేది." ఆమె పలకను జాగ్రత్తగా దించింది. "సరే. నీ కాడ మిషన్లు ఉండాయి, రాయి నీళ్ళల్లో ఉండాది. నా కాడ రాయి ఉండాది, చెయ్యి చిన్నదంట. ఇద్దరం ఇట్ల విడివిడిగా పోతే ఆ బయటి కంపెనీ నవ్వుకుంటా పోతాది. ఒకే టెండరు వేస్తామా?"

వీళ్ళ వ్యాపారాల్లో పొత్తు అంటే పెద్ద మాట. వసంతకుమార్ పలకల చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు.

"పేరు ముందు ఎవరిది?"

"నీదే పెట్టుకో. పెద్ద చెయ్యి నీది. పలక ఎనక మాత్రం నా గుర్తు ఉంటాది. ఇంగొకటి. నీ గని ఆరేదాకా ఈ దేశంలో నీకుండే ఆర్డర్లకు బూడిదరంగు రాయి నా కాడే కోయించు. ఆఫ్రికా వచ్చినా రాకపోయినా. నా మూడో మిషను రేపే తిరగాల. ఆరు కుటుంబాలు మూటలు కట్టుకోని కూర్చున్యారు."

"ఎట్లాగూ బయట కొనాలని చూస్తాండా" అన్నాడతను. చివరికి నవ్వాడు. "తిట్టిపోస్తావనుకుంటి."

"బస్సులో తిట్టేసినాలే."

అక్కడి నుంచే కోడలికి ఫోను చేసింది. "మధులతా, నిన్న రాసినావే, అది తుడిచెయ్. కొత్తగా రాయల్ల. ఈ వసంతకుమారన్న చెప్తాడు, రాసుకో." అవతల పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు వినపడింది.

శుక్రవారం పొద్దున ఉరుకుందు టార్పాలిన్ పట్ట లాగేశాడు. మూడో మిషనుకు కొత్త బ్లేడు బిగించి, నీళ్ళ పైపు తగిలించి, స్విచ్చి వేశాడు. ముందు మూలిగింది. తర్వాత దారికొచ్చింది. గుడిసెల్లోంచి ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశారు. ఈరక్క మాత్రం మూట విప్పలేదు. "ఉత్తరం రానీ, సూద్దాం" అంది. ఆమె లెక్కలు ఆమెవి. రామలక్ష్మమ్మ ఆ మాటకు నొచ్చుకోలేదు గానీ, శనివారం మధ్యాహ్నం దాకా ఫోను చేతిలోంచి దించలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఒంటిగంటకు ఉత్తరం మెయిల్లో వచ్చింది. మధులత గట్టిగా చదివి, తెలుగులో చెప్పింది. ఇద్దరి పేర్ల మీద. పదేళ్ళ గడువు, పోటీ కంపెనీ సర్కారు ఇచ్చినంతే. చదవడం అయ్యీ అవకముందే శివాని ఫోను చేసింది.

"అందిందా అమ్మా?"

"అందింది తల్లీ. నువ్వు సల్లగుండాల. ఇంత తొందరగా ఎట్ల చేసినావు?"

"మీ ఇద్దరి వివరాలూ ముందే చూసి ఉన్నాను కదా. కలిపి రాయడమే." ఆ తర్వాత వచ్చిన గొంతులో హైదరాబాదు ఆఫీసు లేదు. "మీరిద్దరూ ఎవరి అర్జీ వాళ్ళు ఎనక్కి తీసుకున్యారు, ఇద్దరూ ఒకటైనారు గాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. బుధవారం నేను రెండు నోట్లు రాసిపెట్టుకున్యా. ఆయప్పది రాయి తనది కాదని, మీది చెయ్యి చాలదని. రెండిటికీ వద్దనే రాసినా."

రామలక్ష్మమ్మ ఫోను స్పీకరులో పెట్టి కోడల్ని దగ్గరికి పిలిచింది.

"ఇంగొక మాట. ఎవరన్నా ఒకరు ఇంగొకరి మీద కంప్లైంటు పెట్టింటే, గుట్టుగా ఉండాల్సింది ఎట్ల బయటపడిందని మావోళ్ళు విచారణ పెట్టి, ఆ టెండరుకే దండం పెట్టేవాళ్ళు. ఇద్దరికీ లేకపోవును. శానా భయపడినా నేను."

స్పీకరులో ఆ మాటలన్నీ వింటున్న మధులత మొహం పాలిపోయింది. రామలక్ష్మమ్మ ఆమె వైపు చూసి, భుజం మీద చెయ్యి వేసింది. తనకూ ఆ మాట నోటిదాకా వచ్చిందని తనకు తెలుసు.

"మరి ఆ గుర్తు ఎవరిదని నన్ను కావాలనే అడిగినావా తల్లీ?"

"రూలు ప్రకారం అడిగినానమ్మా" అంది శివాని. నవ్వింది. ఆ నవ్వులో ఎంత రూలుందో చెప్పలేదు.

నాలుగు గంటలకల్లా మధులత టెండరు పంపేసింది. వచ్చేదీ రానిదీ ఇంకో నెల తర్వాత తేలుతుంది. రామలక్ష్మమ్మకు మాత్రం ఆ సాయంత్రం కడుపు నిండినట్టుంది. షెడ్డు వెనక్కి పోయి చూస్తే, ఈరక్క గోనెసంచి మూతి కుట్లు పళ్ళతో కొరికి విప్పుతోంది. "టీ కాయాలంటే గిన్నె ల్యాకపాయె" అంది సంజాయిషీ చెబుతున్నట్టు.

ఆదివారం పొద్దున సుగ్గి లారీ వీధిలో హారను కొట్టుకుంటూ పోయింది. వేరే షెడ్ల వాళ్ళు కొందరు ఎక్కారు. దాని వెనకే వసంతకుమార్ మినీలారీ వచ్చింది.

"బదులు తెచ్చినానమ్మా" అన్నాడు డ్రైవరు. "ఆరు పలకలు సాంపిళ్ళకు పోయినాయి. ముప్పై నాలుగు మీవే. తక్కువపడిన ఆరింటికీ నల్లబండ పంపించినాడు అన్న. ఇంగ మనమంతా ఒకటే గదా, బదులెందుకులే అని కూడా అన్నాడు గానీ, మళ్ళీ తనే ఎక్కించమన్నాడు."

"అట్లనేనా అన్నాడు?" అంటూ రామలక్ష్మమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

తన పలకల జోలికి పోలేదు. నల్లబండలు ఆరూ వరసగా నిలబెట్టించింది. వాటి వెనక వసంతకుమార్ గుర్తు, తెల్ల పెయింటుతో త్రికోణం. ఒకటి కొట్టింది. ఖంగుమంది. రెండు, మూడు, నాలుగు. అయిదోదాని దగ్గర తల పక్కకు వంచి ఇంకోసారి కొట్టింది.

"ఇది ఎనక్కి ఎక్కించప్పా" అంది ఉరుకుందుతో. "ఇంగోటి మంచిది పంపమను."

ఉరుకుందు గతుక్కుమన్నాడు. "మొన్ననే గదక్కా ఇద్దరూ ఒకటైంది! ఒక్క పలక కాడ ఎందుకులే. ఆయప్ప ఏమనుకుంటాడో?"

"టెండరులో ఒకటి. బదులు కాడ కాదు" అంది రామలక్ష్మమ్మ, ఆరోదాన్ని కొడుతూ.

ఉరుకుందు ఆ నల్లటి పలకను తొడకు ఆనించుకుని, నవ్వుకుంటూ లారీ ఎక్కించాడు. తర్వాత మూడో మిషనుకు నీళ్ళు వదలడానికి పోయాడు.